దక్షిణం గాలి

“దొక్ఖిన్ ఖోలా, బౌదీ, దొక్ఖిన్ ఖోలా!”

ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు మూడోసారి అన్నాడు, మాకు లాటరీ తగిలినంత సంబరంగా. బౌదీ అంటే వదినగారు. దొక్ఖిన్ ఖోలా అంటే దక్షిణం వైపు తెరపి ఉన్న ఇల్లు. నేను మా వారి మొహం చూశాను. ఆయన గోడ మీద బల్లి కోసం వెతుకుతున్నట్టు పైకి చూస్తున్నారు.

మాది రాజమండ్రి. మా వైపు దక్షిణం గుమ్మం ఇల్లంటే చూపించేవాడే గొంతు తగ్గించి చెబుతాడు. మేం విశ్వాసులమే. ఇల్లు మారితే పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకుంటాం. అయినా ఈశాన్యం మూల బీరువా మాత్రం పెట్టం! ఇలాంటి భయాలు టికెట్టు లేకుండానే మనతోపాటు రైలెక్కేస్తాయి. కోల్‌కతాలో దిగాక చూస్తే లెక్క తిరగబడి ఉంది. వేసవి సాయంత్రాల్లో బంగాళాఖాతం మీంచి గాలి దక్షిణం నుంచే వస్తుంది. అందుకని అటు కిటికీలున్న ఇంటికి ఇక్కడ అద్దె ఎక్కువ. మనం ఏ దిక్కుకి జడుస్తామో, వీళ్లు ఆ దిక్కు కోసమే డబ్బు కడతారు.

నేస్తమా, మీరు కూడా ఈపాటికి ఎవరిదో ఖాళీ ఇంటి మధ్యలో నిలబడి, “ఇక్కడ మనం బతకగలమా?” అని లోలోపల అనుకుంటున్నారేమో. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయారు. ఆఫీసువాళ్లు చివరి మూడేళ్ల కోసం ఎక్కడికో వేశారు. ఇన్నాళ్లూ స్కూలు ఎంత దూరం, ట్యూషనుకి ఆటో దొరుకుతుందా అని చూసి ఇల్లు తీసుకున్నవాళ్లం. ఇప్పుడు ఏం చూసి తీసుకోవాలి? ఎవరి కోసం తీసుకోవాలి?

మేం వారం రోజులు తిరిగాం. మా వారికి సాల్ట్‌లేక్ నచ్చింది. 1960లలో ఉప్పు మడుగుల్ని హుగ్లీ నది ఒండ్రుతో పూడ్చి కట్టిన పేట అది. బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పేరు మీద దాన్ని బిధాన్‌నగర్ అంటారు. ఏఈ, బీడీ, సీకే అని అన్నీ అక్షరాల బ్లాకులే. చెట్లు, వెడల్పాటి రోడ్లు, ప్రశాంతం. ఆ ప్రశాంతమే నాకు మింగుడుపడలేదు. ఒక వీధిలో వరసగా మూడు బాల్కనీలు, మూడు కుర్చీలు, ముగ్గురు పెద్దవాళ్లు. ఒకళ్లతో ఒకళ్లకి మాట లేదు. మమ్మల్ని మేమే పదేళ్ల తర్వాత చూసుకున్నట్టనిపించింది. న్యూటౌన్‌లో లిఫ్టులున్నాయి, ఎకో పార్కుంది, పెద్దవాళ్ల కోసమే స్వప్న భోర్ అని ఇంకో పార్కుంది. కానీ రెమ్మ కరివేపాకు కావాలన్నా ఫోను తియ్యాలి. ఉత్తరాన బాగ్‌బజార్ చూసినప్పుడు మాత్రం నా మనసు లాగేసింది. ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు, ఇంటి ముందు రొవాక్. రొవాక్ అంటే అచ్చం మన వీధరుగే! సాయంత్రమయ్యేసరికి నలుగురు దాని మీద చేరి దేశాన్ని చక్కబెట్టేస్తుంటారు. అయితే ఆ మెట్ల నిటారు చూసి మా వారి మోకాళ్లు ఒప్పుకోలేదు.

చివరికి లేక్ మార్కెట్ దగ్గర ఆగాం. తమిళులు తరాల నాడే వచ్చి స్థిరపడ్డ పేట. అరిటాకులు, మల్లెపూల మాలలు, కళ్లముందే మర పట్టే కాఫీ గింజల వాసన. మార్కెట్లో చేపలమ్మే ఆయన కత్తిపీటని కాలి కింద అదిమిపెట్టి ఇలిశ చేపని ముక్కలు కోస్తున్నాడు. పుస్తెలమ్మైనా తినమని మా గోదావరివాళ్లు చెప్పుకునే పులసే అది. ఈయనకి హుగ్లీలోంచి వచ్చింది, అంతే తేడా. ఆ తడి రాతినేల మీద నిలబడి ఎందుకో నాకు కాస్త ఊపిరాడింది.

పేట కుదిరింది. గదుల దగ్గర గొడవ మొదలైంది.

రెండు పడగ్గదులా, మూడా? రోడ్డు పక్కన మట్టి కప్పుల్లో టీ తాగుతూ వాదించుకున్నాం. “పిల్లలొస్తే ఎక్కడ పడుకుంటారు?” అన్నాను. “ఏడాదిలో పది రోజుల కోసం పన్నెండు నెలల అద్దె కడతామా?” అన్నారాయన. లెక్క ఆయనదే సరైంది. నాకూ తెలుసు. కానీ ఆ మూడో గది వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే, వాళ్లిక చుట్టపుచూపుగానే వస్తారని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. కప్పులో టీ అయిపోయింది. అడుగున మట్టి వాసన మిగిలింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మీ ఇంట్లో కూడా ఆ గది ఉంది కదూ? తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. మంచం మీద దుప్పటి నలగదు. మీరు దుమ్ము దులపడానికని వెళ్లి కాసేపు అక్కడే కూర్చుండిపోతారు. అది తప్పేం కాదు. ఆ గదిలో మీరు కార్చిన కన్నీళ్లు తెలిసినవాడు ఒకడున్నాడు. ఆయన మిమ్మల్ని తొందరపెట్టడు.

ఆ రాత్రి బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోను చేసి ఏడుపు ఆపుకుంటూ సంగతి చెప్పాను. “అమ్మా, నేనొస్తే హాల్లో చాపేసుకుంటాలే. నీకు ఎక్కడ గాలొస్తే అక్కడ తీసుకో” అంది, చాలా మామూలుగా. ఆ మామూలుతనం ముందు గుచ్చుకుంది. తెల్లారేసరికి అదే మందయింది. రెండు గదుల ఇల్లు తీసుకున్నాం, దక్షిణం కిటికీతో సహా.

పచ్చగా కనబడింది కదా అని యొర్దాను మైదానాన్ని ఎంచుకున్న లోతు కథ మనకు తెలుసు. నీళ్లు చూశాడు, గడ్డి చూశాడు. ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లో మాత్రం అడగలేదు. మేం అడిగాం. అది మా తెలివేం కాదు, వయసు నేర్పింది. రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో నడిచి చూశాం. శ్రావణంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో టీ కొట్టాయన్ని అడిగాం. ఆయన తన మోకాలు చూపించి, పక్క సందు వైపు చెయ్యి ఊపాడు. ఆ సందులో ఇల్లు వద్దనుకున్నాం. రెండు చేతుల్లో కూరల సంచులు పట్టుకుని మెట్లెక్కి చూశాను. కాళీఘాట్ మెట్రో దాకా నడిచి నిమిషాలు లెక్కపెట్టాం. 1984లో దేశంలో మొట్టమొదట మెట్రో నడిచిన లైను మీదే ఉంది ఆ స్టేషను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పేరు నమోదు చేయించుకుంటే బాగోగులు కనుక్కునేందుకు కోల్‌కతా పోలీసుల ‘ప్రణామ్’ అనే ఏర్పాటు ఉందనీ తెలుసుకున్నాం. ఇవన్నీ చూసుకోవడం అవిశ్వాసం అనుకోకండి. నడిపించేవాడు కళ్లూ కాళ్లూ ఇచ్చింది వాడుకోవడానికే.

ఇంకొక్క ప్రశ్న అడగండి, దాన్ని మాత్రం మరిచిపోకండి: పొద్దున ఎనిమిదైనా మన తలుపు తెరుచుకోకపోతే ఈ వీధిలో ఎవరు వచ్చి కొడతారు?

మాకు దానికి జవాబు మొదటి రాత్రే దొరికింది. సామాను అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాం. గ్యాసు ఇంకా బిగించలేదు. ఎవరో తలుపు కొట్టారు. పక్కవాటా పెద్దావిడ, తెల్ల చీర, ఎర్ర అంచు. “ఖెయెఛేన్?” అంది. నాకు బెంగాలీ రాదు. అయినా ఆ చేతివేళ్లు నోటి దగ్గరికి వెళ్లిన తీరు చూస్తే అర్థమైంది. తిన్నారా అని. మన ఊళ్లో అరుగు మీంచి పలకరించే మాటే. ఆమె రెండో చేతిలోని పళ్లెంలో వేడి వేడి లూచీలున్నాయి, మన పూరీల్లాంటివి.

నేస్తమా, ఆ పళ్లెం ఆవిడే తెచ్చింది. పంపినవాడు ఎవరో నాకు తెలుసు. మేం హౌరాలో దిగకముందే ఆయన ఆ మెట్లెక్కి మా కోసం కూర్చున్నాడనిపించింది.

ఆ మాటకొస్తే మన తెలుగు కూడా మనకంటే ముందే ఇక్కడికి వచ్చింది. ఈ హుగ్లీ ఒడ్డునే, హౌరా నుంచి లోకల్ రైల్లో వెళ్లగలిగినంత దూరంలో, శ్రీరాంపూర్ (సెరాంపూర్) ఉంది. మిషనరీ విలియం కేరీ అక్కడ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చేయించాడు. 1818లో అక్కడి అచ్చుకూటం నుంచే తెలుగు కొత్త నిబంధన వచ్చింది. మన పాస్టర్లలో ఎంతోమంది పట్టాల మీద ఈనాటికీ సెరాంపూర్ పేరుంటుంది. గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసుకి, నది పొడుగునా ఉన్న జూట్ మిల్లులకి మనవాళ్లు ఎప్పుడో వచ్చారు. మా అత్తగారి పాత బైబిలుని ఇంత దూరం మోసుకొచ్చానని గొప్పగా అనుకున్నాను గానీ, అది ఒకరకంగా పుట్టింటికే వచ్చింది.

ఇప్పుడు సాయంత్రాలు ఆ కిటికీ దగ్గరే నా కుర్చీ. ఆరున్నరకి గాలి మొదలవుతుంది. ముందు కర్టెను అంచు కదులుతుంది. తర్వాత గోడమీది క్యాలెండరు టపటపలాడుతుంది. ఆ కిటికీకి కాస్త కుడివైపుగా, వెయ్యి కిలోమీటర్ల అవతల, మా ఊరు. దిక్కు కచ్చితంగా చెప్పాలంటే నైరుతి. నైరుతిలో బరువుండాలంటారు కదా. నా బరువంతా అటే ఉంది.

దానియేలు గ్రంథం 6వ అధ్యాయంలోని కిటికీ నాకు అక్కడే గుర్తొచ్చింది. చిన్నప్పుడే బబులోనుకి చెరపట్టుకుపోయిన మనిషి. ఆ అధ్యాయం నాటికి ముసలివాడు. యెరూషలేము పాడైపోయి ఎన్నో ఏళ్లయింది. ఆలయం కాలిపోయింది. అటు చూడటానికి ఏమీ మిగల్లేదు. అయినా మేడగదిలో ఆ వైపు కిటికీలు తెరిచి, రోజుకి మూడుసార్లు మోకరించేవాడు. సండే స్కూల్లో మనకు సింహాల గుహ గురించే ఎక్కువ చెప్పారు. ఈ వయసులో నాకు ఆ కిటికీ ముఖ్యంగా కనబడుతోంది. ఊరి మీది బెంగని ఆయన దాచుకోలేదు, దాన్ని దేవుడి ముందు తెరిచిపెట్టాడు. అలాగని బబులోనులో పని మానేసి కూర్చోలేదు. రాజుగారి కొలువులో నమ్మకంగా ఉండేవాడు. ఒకే గదిలో ఆ రెండూ ఇమిడాయి.

మీ బెంగని కూడా అలా తెరిచిపెట్టగలరా? పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి పలకండి. అమ్మేసిన ఇంటి పేరు, పెరట్లో వదిలేసిన సన్నజాజి పందిరి, అన్నీ చెప్పండి. వినేవాడికి విసుగు లేదు. చెప్పాక లేచి మొహం కడుక్కుని, ఈ కొత్త వీధిలోకి దిగండి.

రేపటికి నేనొక చిన్న పని పెట్టుకున్నాను. పక్కావిడ పళ్లెం నా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ పళ్లెం తిరిగివ్వడం మన ఇళ్లలో లేదు కదా. మీరు కూడా ఈ వారంలో ఒక తలుపు చూసుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, భాష రాకపోయినా ఫరవాలేదు.

తండ్రీ, చింతపండు నానబెట్టాను. పొద్దున్నే లేచి పులిహోర కలుపుతాను. ఆ తలుపు కొట్టేటప్పుడు నా చెయ్యి వెనక్కి తగ్గకుండా చూడు. ఆవిడ అడిగిన మాటే నేనూ అడగాలి. “ఖెయెఛేన్?” ఇప్పటినుంచే పలికి చూసుకుంటున్నాను. ఆమేన్.