మిల్లు కింది నేల

‘నార్త్ అండ్ సౌత్’ చదివినవాళ్ళతో కాసేపు మాట్లాడితే చాలు, వాళ్ళ మనసు ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. కొందరికి అది మార్గరెట్, మిల్లు యజమాని థార్న్‌టన్‌ల కథ. మొదటి చూపులోనే ఒకరికొకరు గిట్టని ఇద్దరు, ఒకరి నిజాయితీని ఒకరు గుర్తించి దగ్గరైన కథ. సమ్మె, యూనియన్, కూలి రేట్లు వచ్చిన పేజీలను వీళ్ళు గబగబా తిప్పేస్తారు. మరికొందరికి ఆ పేజీలే నవల. వీళ్ళకు చివరి పెళ్ళి మీద కోపం. మిల్లు యజమానికి ఆస్తిపరురాలు భార్యగా దొరికితే నేతపనివాళ్ళ కష్టం తీరినట్టేనా అని అడుగుతారు.

ఈ తగవు నవల పుట్టిన నాటిదే. ఎలిజబెత్ గాస్కెల్ దీన్ని 1854 సెప్టెంబరు నుంచి 1855 జనవరి దాకా డికెన్స్ నడిపే ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రికలో రాసింది. కథానాయిక పేరే నవలకు పెట్టాలనుకుంది. డికెన్స్ సలహాతో పేరు మారింది. కథ సాగుతున్నకొద్దీ నిడివి గురించి ఆయన విసుక్కున్నాడు. ముగింపును తరిమి తరిమి రాయాల్సి వచ్చిందన్న బాధ ఆమెకు మిగిలింది. 1855లో పుస్తకంగా వచ్చినప్పుడు చివరి అధ్యాయాలను పెంచింది. అంతకుముందు 1848లో ఆమె రాసిన ‘మేరీ బార్టన్’ మాంచెస్టర్ యజమానులకు కోపం తెప్పించింది. కూలీల పక్షానే చూసిందని డబ్ల్యు. ఆర్. గ్రెగ్ అనే విమర్శకుడు తప్పుపట్టాడు. ఆయనది మిల్లులున్న కుటుంబం. ఆయనే ‘నార్త్ అండ్ సౌత్’ను మెచ్చుకున్నాడు. నవలా రచయిత్రి మార్గరెట్ ఒలిఫెంట్‌కు మాత్రం ఇందులోని ప్రేమ నచ్చలేదు. ప్రేమను యుద్ధంలా చూపించడం ఆ రోజుల్లో ఒక మోజుగా మారిందని ఆమె ఫిర్యాదు. 2004లో బీబీసీ నాలుగు భాగాల సీరియల్ తీశాక థార్న్‌టన్ వేషం వేసిన రిచర్డ్ ఆర్మిటేజ్ కోసమే పుస్తకం కొన్నవాళ్ళు ప్రపంచమంతా పుట్టుకొచ్చారు. వాళ్ళను చిన్నచూపు చూడడం నాకు ఇష్టం ఉండదు. ఏ దారిన వచ్చినా పుస్తకం దగ్గరికే వచ్చారు.

ఈ రెండు జట్లూ చూడనిది ఒకటుందని నాకు మా ఊరు చిల్లకూరులో తెలిసింది.

మాది ఫ్యాక్టరీలకు కొత్త ఊరేం కాదు. పక్కన గూడూరు మైకా గనులకు పేరుపడింది. మైకా రేకులు చీల్చే షెడ్లకు పనికిపోయిన ఆడవాళ్ళు మా నాయనమ్మ తరంలో చాలామంది. మండలంలో సముద్రం వైపు సిలికా ఇసుక ఉంది. గాజు ఫ్యాక్టరీల కోసం తెల్లటి ఇసుక నింపుకున్న లారీలు రాత్రీపగలూ హైవే ఎక్కుతుంటాయి. తమ్మినపట్నం దగ్గర బొగ్గు కరెంటు కేంద్రాలు లేచాయి. ఉత్తరాన కృష్ణపట్నం రేవు. ఇప్పుడు చెన్నై – బెంగళూరు కారిడార్ కింద కోట, చిల్లకూరు మండలాల్లో పారిశ్రామిక నగరం వస్తోంది. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదించింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. 10,500 కోట్ల పెట్టుబడి, లక్ష ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వ అంచనా.

ఇలాంటి చోట ఈ నవలను మా ఇంట్లో వాళ్ళకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. సాయంత్రం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని వినేవాళ్ళు. వదిన బళ్ళో టీచరు. ఆమె మొదటి జట్టు. అల్లరిమూక రాళ్ళు విసురుతుంటే మార్గరెట్ థార్న్‌టన్‌కు అడ్డంగా నిలబడి దెబ్బ తిన్నచోట ‘ఆగు, మళ్ళీ చెప్పు’ అంది. బాబాయి లారీల లోడింగు పనిలో నడుం అరగదీసుకున్న మనిషి. ఆయన్ని కట్టిపడేసింది బెస్సీ హిగిన్స్. పందొమ్మిదేళ్ళ పిల్ల. దూది నలుసులు ఊపిరితిత్తుల్లో పేరుకుని చచ్చిపోతుంది. ఆ నలుసులను బయటికి లాగే చక్రం ఉంది గాని, దాని ఖరీదు ఐదారు వందల పౌండ్లు. లాభం తెచ్చేది కాదు గనక చాలామంది యజమానులు పెట్టరు. పెట్టినచోట పనిచేయడానికి కొందరు కూలీలే ఇష్టపడలేదని కూడా బెస్సీ చెబుతుంది. దూది మింగడం అలవాటైనవాళ్ళకు ఆ గాలి తేటపడ్డాక ఆకలి ఎక్కువైందట. ఆకలి పెరిగితే ఆ కూలి చాలదు. ఇది విని బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మైకా గనుల్లో రాయి తొలిచినవాళ్ళ దగ్గు ఆయన చిన్నప్పుడు విన్నదే.

థార్న్‌టన్ దివాలా తీసే ఘట్టానికి వచ్చాక ఆయన అడిగాడు:

“అది సరే అబ్బయా, ఆ మిల్లు కట్టిన నేల ఎవురిది?”

ఆ ప్రశ్న నన్ను మళ్ళీ పుస్తకం మొదటికి పంపింది. గాస్కెల్ జవాబును దాచలేదు, మొదట్లోనే చెప్పింది. నేల మిస్టర్ బెల్‌ది. కథ జరిగే ఊరు మిల్టన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పుస్తకాల మధ్య హాయిగా బతికే పండితుడు. పొగ, చప్పుడు, హడావుడి అంటే ఆయనకు వెటకారం. అయినా మిల్టన్ పెద్ద ఫ్యాక్టరీల ఊరు కావడంతో ఆయన స్థలాల విలువ ఎంతో పెరిగిపోయింది. థార్న్‌టన్ ఆయనకు అద్దెదారు. బెల్ పోతూపోతూ ఆస్తి మార్గరెట్ పేర రాస్తాడు. మిల్టన్ ఆస్తి అప్పటి ధరలో సుమారు 40 వేల పౌండ్లు. చివరి పేజీల్లో మార్గరెట్ బ్యాంకులో ఊరికే పడి ఉన్న 18,057 పౌండ్లు ఇస్తానంటుంది. దాని మీద ఆమెకు వస్తున్నది ఏడాదికి రెండున్నర శాతం. మన లెక్కన నూటికి నెలకు పావలా వడ్డీ కూడా కాదు. థార్న్‌టన్ ఇంకా మంచి వడ్డీ ఇవ్వగలడని వివరంగా చెబుతుంది. అక్కడి నుంచి ఇద్దరూ ప్రేమలోకి వెళ్తారు.

అంటే మిల్లును నిలబెట్టే డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పొగ చుట్టూ పెరిగిన స్థలాల ధర నుంచి. ఆ ధరను పెంచింది ఎవరు? బెస్సీ, ఆమె తండ్రి నికొలస్ హిగిన్స్, థార్న్‌టన్ కూడా. వాళ్ళ చెమట వల్ల పెరిగిన విలువ ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక గదికి చేరి, వీలునామా దారిన మార్గరెట్‌కు వచ్చి, అప్పు రూపంలో మళ్ళీ మిల్లుకు తిరిగొచ్చింది. ఈ తిరుగుడులో హిగిన్స్ వాటా ఎక్కడా కనపడదు. ప్రేమ జట్టు ఈ డబ్బును ఆమె ప్రేమకు గుర్తుగా చూస్తుంది. సమ్మె జట్టు దాన్ని రచయిత్రి తప్పించుకున్న దారి అంటుంది. నాకు మాత్రం ఇది పుస్తకంలో అన్నిటికంటే నిజమైన భాగం. ఫ్యాక్టరీ ఊళ్ళు నిజంగా ఇలాగే పెరిగాయి. లాభం యంత్రం దగ్గర ఎంత పుడుతుందో, యంత్రం కింది నేలలోనూ అంత పుడుతుంది.

మా దగ్గర ఇది పుస్తకం మాట కాదు. నేల సేకరిస్తే పరిహారం పట్టా ఉన్నవాడికి వస్తుంది. ఎక్కడో హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండి ఏడాదికోసారి వచ్చే పట్టాదారు కూడా బెల్ లాంటివాడే. చెడ్డవాడని అనను, బెల్ కూడా చెడ్డవాడు కాడు. ఆ నేల మీదే కౌలుకు దున్నినవాడు, నాట్లు వేసినామె, పశువులు మేపుకున్నవాళ్ళు ఉంటారు. 2013 భూసేకరణ చట్టం వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించింది. సేకరణకు ముందు మూడేళ్ళు ఆ నేలే తమ బతుకని వాళ్ళు చూపించాలి. మాట మీద నడిచే కౌలుకు కాగితం ఎక్కడిది? చట్టం రాసినవాళ్ళకు ఈ మనుషులు కనపడ్డారు. ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మాయమవుతారు.

తెలుగులో ఇలాంటి తగవును ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో చూశాం. 1922లో వచ్చిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అక్కడ ఆసామి దెబ్బకు దళిత యువకుడు సంగదాసు ప్రాణం పోతుంది. ఆసామికి, కూలీకి మధ్య పెళ్ళి వంతెన వేయడానికి ఉన్నవ ప్రయత్నించలేదు, ఎందుకంటే మన దగ్గర ఆ ఇద్దరి మధ్యా నేలతో పాటు కులం కూడా ఉంది. గాస్కెల్‌కు వంతెన దొరికింది, తన నాయిక పాస్టరు కూతురు గనక. బెస్సీనే థార్న్‌టన్‌కు ఇచ్చి పెళ్ళి చేయాలని ఆమెకు కూడా తోచి ఉండదు.

అలాగని ప్రేమ కథను తోసిపారేయను. మార్గరెట్ లేకపోతే థార్న్‌టన్ హిగిన్స్ గుమ్మం తొక్కేవాడు కాదు. కూలీలతో కలిసి భోజనశాల పెట్టి, వాళ్ళు పిలిచినప్పుడు అదే బల్ల దగ్గర కూర్చుని తినేవాడు కాదు. యజమాని, కూలీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే తగవులు తీరవు గాని, వాటిలోని విషం తగ్గుతుందని థార్న్‌టనే అంటాడు. ఇంతకు మించి అతను ఆశపడడు. ఆ మితమైన ఆశ నాకు గౌరవంగా అనిపిస్తుంది. ఇక్కడ కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టరు, వాడి కింద మేస్త్రీ. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కుర్రాడికి తన అసలు యజమాని ఏ ఊళ్ళో ఉంటాడో కూడా తెలియదు. థార్న్‌టన్ ఇల్లు మిల్లు ఆవరణలోనే ఉండేది. చప్పుడు అతని భోజనాల గదిలోకి వినపడేది.

కథ ముగిసింది లండన్‌లో, ఒక ధనికుల ఇంటి గదిలో. మిల్లు మళ్ళీ తెరిచినట్టు గాస్కెల్ చూపించలేదు. ఎప్పుడైనా మళ్ళీ పని ఇవ్వగలిగితే నీ దగ్గరే చేస్తామంటూ కూలీలు సంతకాలు పెట్టి పంపిన కాగితం గురించి మాత్రం థార్న్‌టన్ చెబుతాడు. అది హిగిన్స్ చేతిరాతేనని అతని అనుమానం. వదినకు చివరి పేజీ నచ్చింది. బాబాయి ఆ కాగితం సంగతి రెండోసారి చెప్పించుకున్నాడు.

“మరి ఆ హిగిన్స్‌కి పని దొరికిందా?” అన్నాడు.

అది పుస్తకంలో లేదని చెప్పాను.