‘మనవారు’ అను మాట

కశింకోట మండలములోని బయ్యవరము వద్ద 2025 మార్చిలో ఒక కల్వర్టు చెంత దుప్పటిలో చుట్టిన మానవదేహ భాగములు కానవచ్చినవి. ఎవరో స్త్రీ యని జనులు తొలుత తలచిరి. పోలీసులు విచారించి, హతురాలు ఒక హిజ్రా యని తేల్చిరి. ఆమెతో కలిసి నివసించుచుండిన వ్యక్తిని అరెస్టు చేసిరి. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. ఇచ్చట ఆలోచింపవలసినది వేరొకటి కలదు. వార్త తెలిసిన వెంటనే హిజ్రాలు అనకాపల్లిలో గుమిగూడి, తమ మనిషికి న్యాయము జరుగవలెనని బిగ్గరగా అడిగిరి. ‘తమ మనిషి’ అను ఆ మాటలోనే ఒక ధర్మప్రశ్న యిమిడియున్నది. ఒక ప్రాణిని ‘మనవారు’ అనుటకు అధికారము ఎట్లు కలుగును? పుట్టుకచేతనా, పోషణచేతనా?

ఈ ప్రశ్న శరణమార్గమునకు క్రొత్తది కాదు. ఎదుటివానిని ఎవడని యడుగక తనవానిగా నెంచునట్లు చేయుమని కూడలసంగముని బసవేశ్వరుడు వేడుకొన్న సంగతి భక్తులకు తెలియనిది కాదు. ఆత్మకు స్త్రీపురుష భేదము లేదని జేడర దాసిమయ్య చెప్పియున్నాడు. ఇష్టలింగము స్త్రీకొక విధముగను పురుషునకొక విధముగను ఈయబడలేదు. ఇవి యన్నియు ఉపన్యాసములలో వినుటకు ఇంపుగనే యుండును. అర్ధనారీశ్వరుని పటమునకు పూలమాల వేసిన చేతులే, హిజ్రాకు గది అద్దెకీయుమన్నప్పుడు తలుపు మూయుచున్నవి. నూతన గృహప్రవేశమునకు, బిడ్డ పుట్టినప్పుడు వారి దీవెన కావలెను. వారు తాకి యిచ్చిన నాణెము గల్లాపెట్టెలో నుండవలెను. వారు మాత్రము వీధి దాటిపోవలెను!

ఇల్లు వెడలగొట్టిన బిడ్డ యెచ్చటికి పోవునో చూచినచో సంగతి బోధపడును. పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున, నడకను బట్టియో గొంతును బట్టియో తోటివారు హేళన చేయగా, తండ్రి కొట్టగా, ఏదో రైలెక్కి పోయిన బిడ్డను తరచుగా చేరదీయునది హిజ్రాల యిల్లే. అచ్చట ఒక పెద్ద గురువు, తక్కినవారు చేలాలు. గురువునకు గురువు నానీ. తోటి శిష్యులు అక్కచెల్లెండ్రు. క్రొత్తగా వచ్చినదానికి అన్నము, చీర, పేరు అచ్చట లభించును. జబ్బు చేసిన రాత్రి ఆసుపత్రికి తీసికొనిపోవువారు వారే. సంపాదనలో కొంత గురువునకు చెల్లును. ఆ సొమ్ములోనుండియే ముసలివారి మందులు, చనిపోయినవారి అంత్యక్రియలు జరుగును. బయటికి పోయిన మనిషి వేళ దాటినను రానిచో ఫోనుచేసి వెదకువారుందురు. ఒంటరి ఫిర్యాదును స్టేషనులో లెక్కచేయరని యెరిగి పదిమంది కలిసి పోవుదురు. ఈ జాగ్రత్త ఊరక వచ్చినది కాదు. 2018 మేలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠా వచ్చినదను వదంతి నమ్మి గుంపొకటి ఒక హిజ్రాను కొట్టి చంపినది.

ఆ యిండ్లన్నియు స్వర్గములని చెప్పుట సత్యము కాదు. గురువు వేయు జరిమానాలు, తీరని అప్పులు, ఒక యిల్లు విడిచి మరియొక యింటికి పోదలచినవారికి కలుగు చిక్కులు లేకపోలేదు. భిక్షాటన, దేహవిక్రయము తప్ప వేరు కాయకము దొరకని చోట ఆ సంపాదన మీదనే యిల్లంతయు నడువవలసి వచ్చును. అయినను ఆ దోషమును ఎత్తి చూపువారు, ఆ బిడ్డను అచ్చటికి తరిమినదెవరో కూడ చెప్పవలసి యుండును.

మరి చట్టము ఈ బంధమును ఎట్లు చూచినది? నిజాము ప్రభుత్వము ఫసలీ 1329లో, అనగా 1919లో, నపుంసకుల చట్టము చేసినది. వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించి, స్త్రీవేషముతో బహిరంగముగా కనిపించిన వారంటు లేకయే పట్టుకొనుటకు అది అధికారమిచ్చినది. పదునారేండ్లలోపు బాలుని తమ యొద్ద నుంచుకొనుటయు దానిలో నేరమే. ఎత్తుకుపోయిన బిడ్డ వేరు, ఇంటినుండి తరుమబడిన బిడ్డ వేరు అను విచక్షణ దానికి లేదు. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు వ్యాజ్యము వేయగా తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ చట్టము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లకు పైగా అది పుస్తకములలో నిలిచియుండుట చిత్రము.

కేంద్రము 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టము మేలు కోరి చేసినదే. కాని రక్తసంబంధముచేతనో, వివాహముచేతనో, చట్టబద్ధమైన దత్తతచేతనో కలిసినవారినే అది కుటుంబమనినది. ఇరువదేండ్లు అన్నము పెట్టిన గురువు ఆ నిర్వచనములో చేరదు. ఇరువదేండ్లు మొగము చూడని అన్న చేరును. దగ్గర బంధువులు లేనప్పుడు సహచరులు మృతదేహమును తీసికొనవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో రాష్ట్రములకు వ్రాసినది. వివాహమొక్కటియే కుటుంబమునకు మూలము కాదని, తాము ఎంచుకొన్నవారితోను కుటుంబము ఏర్పడునని మద్రాసు హైకోర్టు 2025 మేలో ఒక తీర్పున చెప్పినది. న్యాయశాస్త్రము మెల్లగా ఆ దారికి వచ్చుచున్నది.

అంతదాక ఆగక తమకు తాము తోడుపడినవారు కలరు. 2020 మార్చిలో హిజ్రాలవలన కరోనా వ్యాపించునని హైదరాబాదులో గోడపత్రికలు వెలసినవి. వారికి తిండిగింజలు, మందులు అందించుమని వారి పక్షమున హైకోర్టును ఆశ్రయించినది పైన పేర్కొన్న వైజయంతియే. 2021 జనవరిలో నారాయణగూడలో ‘మిత్ర్’ అను వైద్యశాల తెరచిరి. వైద్యులు మొదలు సలహాదారుల వరకు అందు పని చేసినవారు చాలవరకు ట్రాన్స్‌జెండర్లే. ఆసుపత్రి వరుసలో నిలుచుటకే జంకు రోగికి తనవంటివారే నాడి చూచుట యెంత ధైర్యమో వేరుగ చెప్పనక్కరలేదు. అమెరికా ప్రభుత్వము సొమ్ము ఆపివేయగా 2025 జనవరిలో అది మూతపడినది; అదే యేడు టాటా ట్రస్టుల సాయముతో ‘సబ్‌రంగ్’ పేరున మరల తెరచుకొన్నది. దాత ఎచ్చటనో దూరదేశమున నుండి చేయి వెనుకకు తీసికొనగనే మందు ఆగిపోవుట దానమునకు గల బలహీనత. దాసోహము దానివంటిది కాదు. ఇచ్చువాడు తాను సేవకుడననుకొనును. పుచ్చుకొనువాడు పరాయివాడు కాడు.

ఇట్టివారిని ఆదరించినచో ఇతర పిల్లలును ఆ త్రోవ పట్టుదురేమో అని కొందరు పెద్దలు సందేహింతురు. ఆదరణవలన ఎవ్వరును అట్లు పుట్టరు. నిరాదరణవలన చచ్చినవారు మాత్రము కలరు. స్త్రీని స్త్రీ, పురుషుని పురుషుడు ప్రేమించు సంగతి ఇంట తెలిసినచో తొందరపడి పెండ్లి చేసి, ఇద్దరికి మారుగా నలుగురి బ్రదుకు చెరచు ఇండ్లు కలవు. 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానము వయోజనుల అట్టి సంబంధము నేరము కాదనినది. బంధువుల నోటికి వెరచి బిడ్డను విడుచుకొనుటకు తల్లిదండ్రులకు ఆ సాకును ఇక మిగులలేదు.

మఠముల వసతిగృహములలో వందల బాలురు చదువుకొనుచుందురు. వారిలో ఒకని నడక చూచి తక్కినవారు వెక్కిరించుదురు. రాత్రి దీపములారిన పిదప కొట్టుదురు. మరునాడు వార్డెను అతనినే పిలిచి, మగవానివలె నడువుమని మందలించును. ఇంకొక వార్డెను కొట్టినవారిని పిలిచి, ఆ బాలునకు తన గది ప్రక్క పడక చూపి, తండ్రికి ఉత్తరము వ్రాయును: మీ అబ్బాయి ఇచ్చట క్షేమము, బాగుగ చదువుచున్నాడు, సెలవులకు వచ్చినప్పుడు కొట్టకుడు.