ఉన్న ఊరి ఋణము

మనుష్యుడు ఋణములతోనే పుట్టుచున్నాడని శ్రుతి చెప్పుచున్నది. ఋషుల ఋణము అధ్యయనముచేతను, దేవతల ఋణము యజ్ఞముచేతను, పితరుల ఋణము సంతానముచేతను తీరునని పెద్దల నిర్ణయము. ఈ మూడింటిని గూర్చి తరచుగా వినుచునే యున్నాము. కాని మనము ఏ నేలపై నిదురించి లేచుచున్నామో, ఏ చెరువు నీరు త్రాగుచున్నామో, ఏ చెట్ల నీడలో మన బిడ్డలు పెరుగుచున్నారో, ఆ ఊరికి కూడ మనము ఋణపడియున్నామా? ఉన్నచో ఆ ఋణము తీరు విధమెట్టిది? ఈ విషయమును ఇంచుక విచారింతము.

ఏ చిన్న పూజకు పూనుకొన్నను మొదట సంకల్పము చెప్పుకొందుము. అందు కాలమును, దేశమును స్మరింతుము. కల్పము, మన్వంతరము, యుగము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి అని కాలము క్రమముగా కుదించుకొని నేటి దినమునకు వచ్చి నిలుచును. అట్లే ద్వీపము, వర్షము, ఖండము అని దేశమును చెప్పి, శ్రీశైలమునకు మనము ఏ దిక్కున నున్నామో, ఏ నదుల నడుమ నున్నామో చెప్పి, తుదకు కూర్చున్న గృహమునకు వచ్చి నిలుతుము. మా పాఠశాలలో సంకల్పము నేర్పునపుడు గురువుగారు, “మన ఊరు శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నదిరా?” అని ఒక్కొక్క విద్యార్థిని ప్రశ్నించెడివారు. చెప్పలేక తెల్లమొగము వేసినచో, “నీది చిరునామా లేని ఉత్తరమురా!” అని నవ్వెడివారు. భగవంతుడు సర్వవ్యాపి, ఆయనకు మన చిరునామాతో పని లేదు. పని మనకే యున్నది. నీవు అంతరిక్షమునుండి ఊడిపడలేదు, ఒకచోట నిలిచియున్నావు, ఆ చోటు నిన్ను మోయుచున్నది అని ప్రతిదినము గుర్తుచేయుటకే ఆ నియమము.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. మేలు చేయవలెనని తలచి చేసినవాని యెడలనే కదా కృతజ్ఞత యుండవలెను? నేల జడము. నది తన పల్లమునకు తాను పారును గాని, మన దాహము తీర్పవలెనని పారదు. అంతేకాదు, నేడు పంట నిచ్చిన నదియే రేపు పొంగి ఇల్లు ముంచును. మనస్సు లేనిదానికి, మేలును కీడును ఒకే రీతిగా చేయుదానికి మనము కృతజ్ఞులమై యుండుట యేమి యుక్తము? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

దీనికి సమాధానము మహాభారతము ఆనుశాసనిక పర్వమున ఒక చిలుక చెప్పినది. దయాధర్మమును గూర్చియు, భక్తజనుల గుణములను గూర్చియు ధర్మరాజు అడుగగా భీష్ముడు ఈ కథను వినిపించెను. కాశీరాజ్యమున ఒక బోయ లేడిని గురిచూచి విషము పూసిన బాణమును వేసెను. గురి తప్పి ఆ బాణము ఒక మహావృక్షమునకు తగిలెను. విషము ప్రాకి చెట్టు ఆకులు రాల్చి, పండ్లు రాల్చి, నిలువున ఎండిపోయెను. పక్షులన్నియు లేచిపోయినవి. తొఱ్ఱలో నివసించుచున్న ఒక చిలుక మాత్రము కదలలేదు. మేతకు పోక, మాటాడక, చెట్టుతోపాటు తానును శుష్కించుచుండెను. ఇంద్రుడు ఆశ్చర్యపడి బ్రాహ్మణ వేషమున వచ్చి, ఈ అడవిలో ఆకులతో పండ్లతో నిండిన చెట్లు ఎన్నో యుండగా ఈ మోడును పట్టుకొని యుండుట ఎందులకని యడిగెను. చిలుక ఆయనను ఇంద్రునిగా గుర్తించి నమస్కరించి, తాను ఈ చెట్టుమీదనే పుట్టితిననియు, ఇచ్చటనే పెరిగి మంచి గుణములను అలవరచుకొంటిననియు, శత్రువుల బారి పడకుండ ఇది తనను కాపాడినదనియు, సమర్థమై యున్ననాడు దీనిని ఆశ్రయించి బ్రతికి అసమర్థమైననాడు విడుచుట తగదనియు బదులు చెప్పెను. ఇంద్రుడు సంతసించి వరము కోరుకొమ్మనెను. ఆ చిలుక తనకు ఆహారము కోరలేదు, ఆయువు కోరలేదు. ఆ చెట్టు మరల బ్రతుకవలెనని కోరెను. ఇంద్రుడు అమృతము చల్లగా చెట్టు చిగిర్చినది.

ఈ కథలో మూడు విషయములు గమనింపదగియున్నవి. చెట్టు తనను కాపాడవలెనని సంకల్పించినదా లేదా యను విచారణ చిలుక చేయలేదు. కాపాడబడితినని ఎరుగును, అంతే చాలును. కృతజ్ఞ శబ్దమునకు చేయబడిన దానిని ఎరిగినవాడని వ్యుత్పత్తి. ఈ వ్యుత్పత్తిలో చేసినవాని ఉద్దేశమునకు ప్రసక్తియే లేదు. పొందినవాని ఎరుకయే యున్నది. కావున కృతజ్ఞత ఇచ్చినవాని మనస్సును బట్టి కాక, పుచ్చుకొన్నవాని మనస్సును బట్టి పుట్టు గుణము. వాల్మీకి నారదుని అడిగిన సద్గుణములలో ధర్మజ్ఞతను చెప్పిన వెంటనే కృతజ్ఞతను చెప్పుట ఇందులకే కాబోలు.

రెండవది, ఈ చెట్టే అన్ని చెట్లకంటె గొప్పదని చిలుక అనలేదు. ఇంకను మంచి చెట్లున్నవన్న ఇంద్రుని మాటను కాదనలేదు. మా ఊరి కంటె మరి ఊరు లేదని రొమ్ము విరుచుకొనుట అభిమానము. అది పొరుగూరివానిని చిన్నచూపు చూచుటకే తరచుగా దారితీయును. కృతజ్ఞతకు పోలికతో పని లేదు. కన్నతల్లిని ప్రేమించువాడు ఊరిలోని తల్లులందరిని వరుసగా నిలిపి చూచి ప్రేమించుట లేదు కదా!

మూడవది ముఖ్యమైనది. చిలుక చెట్టును స్తుతింపలేదు. చెట్టు బాగు కోరినది. స్థలమునకు మనము పడిన ఋణము స్తోత్రముచేత తీరదు, ఆ స్థలము బాగుపడుటచేతనే తీరును.

ఇక స్థలము జడమన్న మాటను మరియొక విధముగ చూతము. మనము మట్టి యనుకొనుచున్నది నిజముగ మట్టియేనా? కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు కలదు. దానిని బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూరుడని నామాంతరము గలవాడు, త్రవ్వించెను. క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనము ఆ వృత్తాంతమును తెలుపుచున్నది. మంచి చెరువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, దోషములు ఆరనియు ఆ శాసనము లెక్కించినది. కట్ట కారుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై పొలము కొంచెమగుట, ఇవి ఆ దోషములు. జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు ఉండవలెననుటయు అంగములలో నొకటి. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తెచ్చుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవట. రాజు పేరు రాతిపై నిలిచినది. ఆ వేయిమంది పేర్లు మనకు తెలియవు. వారి చెమట మాత్రము ఆ కట్టలో నున్నది. వానలు తక్కువైన ఆ సీమలో ఒక రైతు మడికి నీరు పెట్టుకొనునపుడు అతడు పుచ్చుకొనుచున్నది జడపదార్థమునుండి కాదు. ఆరువందల యేండ్లకు పూర్వము బుట్టలతో మట్టి మోసినవారి చేతులనుండి. అందుచేతనే మన పూర్వులు తటాకమును సప్తసంతానములలో నొకటిగా, కన్నకొడుకుతో సమానముగా లెక్కించిరి.

నది ముంచును గదా యన్న ఆక్షేపణకు గోదావరియే సాక్షి. 1839లో కోరంగి రేవును ఉప్పెన ముంచినది. అటుపిమ్మట సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసినది. వేలకొలది కూలీల శ్రమ, ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్నగారి కృషి అందున్నవి. క్షామములతో అలమటించిన సీమ ధాన్యాగారమైనది. గోదావరిలో స్నానమాడి సంకల్పము చెప్పుకొనునపుడు పరదేశీయుడైన ఆ కాటనును కృతజ్ఞతతో తలచుకొను పండితులు డెల్టాలో ఉండిరని ప్రసిద్ధి. అయినను గోదావరి తన స్వభావమును మానలేదు. 1986 ఆగష్టులో వచ్చిన వరద గట్లు తెంచి లంకలను ముంచినది. అట్లు మునిగినవారును మరల పుష్కరమునకు ఆ నీటికే పసుపు కుంకుమలు సమర్పించిరి. ఇది మౌఢ్యము కాదు. కీడు జరుగలేదని వారు బుకాయించుట లేదు. కీడు జరిగినంత మాత్రమున మేలు జరుగలేదని అనుట లేదు. కృతజ్ఞత జమాఖర్చుల పుస్తకము కాదు. పైగా నదిని నిజముగ ఎరిగినవాడు దాని దారికి అడ్డుగా ఇల్లు కట్టడు. ఎరుకతోపాటు అణకువయు రావలెను.

అట్లయిన పుట్టిన ఊరు విడిచినవారి గతి యేమి? చిలుకవలె కదలక యుండుటయే ధర్మమా? శ్రీరామచంద్రుని చరిత్రమే ఇందుకు ఉత్తరము. వనవాసమునకు పోవుచు కోసలదేశపు పొలిమేర దాటునపుడు ఆయన అయోధ్యవైపు తిరిగి చేతులు జోడించి, ఒక పెద్దయొద్దవలె ఆ పురియొద్ద సెలవు తీసికొనెను. చిత్రకూటము చేరిన పిదప సీతతో, ఈ కొండను అయోధ్యగా, ఈ మందాకినిని సరయువుగా భావింపుమని చెప్పెను. విడిచినదానికి నమస్కారము, చేరినదానికి ఆదరము. రెండింటికి విరోధము లేదు. మన సామెతయు ‘ఉన్న ఊరు కన్నతల్లి’ అనినది గాని, ‘పుట్టిన ఊరు’ అనలేదు. నేడు అమెరికాలో స్థిరపడిన మనవారు అనేకులు సంకల్పమున జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని చెప్పుకొనుచున్నారు. దానిని చూచి నవ్వుట తగదు. అన్నము పెట్టుచున్న చోటును భగవంతుని యెదుట పేరుపెట్టి చెప్పుట ఉచితమే.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఇంకొకటి యున్నది. ఊరు అందరికి తల్లియై యుండినదా? చెరువు త్రవ్వినవారి సంతతినే ఆ చెరువు రేవునకు రానీయని దినములు, గుడికి రాళ్లెత్తినవారినే గుడి వాకిట నిలిపివేసిన దినములు ఈ దేశమున ఉండెను. అట్టివారికి ఊరిపై కృతజ్ఞత బోధించుటకు మనకు నోరు రాదు. అట్లే 1980 దశకపు తొలి సంవత్సరములలో శ్రీశైల జలాశయము నిండినపుడు కృష్ణా తుంగభద్రా తీరములలో ఎన్నియో గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తరలించిరి. సప్తనదీ సంగమమని పేరొందిన సంగమేశ్వరమున వేపదారు లింగము నేటికిని నీరు తగ్గిన నెలలలోనే దర్శనమిచ్చును. దేవునకు మరల గుడి కట్టిరి, లేదా దేవుడు వేసవి వరకు నీటిలో వేచియున్నాడు. ఇల్లు, పొలము, తాతల సమాధులు విడిచిపోయినవారు ఏ వేసవికి మరల వత్తురు? వారు విడిచిన నీటితోనే మన ఇండ్ల దీపములు వెలుగుచున్నవి, మన పొలములు తడియుచున్నవి.

కావున స్థల ఋణము అందరికి సమానము కాదు. ఊరివలన ఎవడు ఎక్కువ పొందెనో వాడే ఎక్కువ ఋణస్థుడు. ఊరు ఎవరికి తక్కువ పెట్టినదో, ఎవరి ఊరు మన కొరకు మునిగినదో, వారు ఋణస్థులు కారు, ఋణదాతలు. ఈ విచక్షణ లేక చెప్పు కృతజ్ఞత, కడుపు నిండినవాడు ఆకొన్నవానికి చేయు ఉపదేశమగును.

మన ఆలయధర్మము ఈ ఋణమును మొదటినుండి గుర్తించియే యున్నది. దేవుడు సర్వత్ర ఉన్నాడని చెప్పుచునే, ప్రతి క్షేత్రమునకు స్థలపురాణమును, స్థలవృక్షమును, తీర్థమును, క్షేత్రపాలకుని ఏర్పరచినది. ఊరి నడుమ బొడ్డురాయిని నిలిపి జాతర చేయు పల్లీయుల భావమును ఇదియే. కాని స్థలవృక్షమునకు దారములు చుట్టి, దాని మొదట సిమెంటు పోసి ఊపిరాడకుండ చేయుట పూజ కాదు. కోనేటిలో మునిగి పుణ్యము మూటగట్టుకొని, ప్లాస్టిక్ సంచిని అందే విడిచివచ్చుట స్నానము కాదు. చెరువు శిఖమును ఆక్రమించి ఇల్లు కట్టి, ఆ ఇంటిలో గృహప్రవేశమునాడు వాస్తుపురుషునకు బలి యిచ్చుట ఎట్టి శాంతియో ఆలోచింపవలెను.

ఆస్తికులు నిత్యపూజలో సంకల్పము చెప్పునపుడు దేశకీర్తనమువద్ద ఒక్క క్షణము ఆగవలెను. ఈ ఊరి నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? దీనిని ఎవరు త్రవ్విరి? ఎవరు దీనికి దూరమైరి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో సంకల్పము సార్థకమగును. తెలిసిన పిదప చేయవలసిన పని తానే కనబడును: ఒకరికి పూడిన కాలువ, ఒకరికి ఎండిన చెట్టు, ఒకరికి గుడి మెట్టుపై సంకోచించి నిలిచిన మనిషి. భగవంతుడు ప్రత్యక్షమై వరము కోరుకొమ్మన్ననాడు మనలో ఎందరము ఆ చిలుకవలె మన చెట్టు కొరకు అడుగగలము? అడుగగలిగినవారున్న ఊరికి అమృతము వేరుగా చల్లనక్కరలేదు.

స్వస్తి.