తుడిచే చేతి నిగ్రహం

పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలో శౌచాన్ని, అంటే దేహమనస్సుల శుభ్రతను, ఐదు నియమాలలో మొదటిదిగా పేర్కొన్నాడు. అయితే నియమాలకంటే ముందు యమాలను, అంటే ఇతరుల పట్ల పాటించవలసిన నిగ్రహాలను చెప్పి, వాటికి మొదట అహింసను నిలిపాడు. ఈ వరుసను శౌచానికి గీసిన హద్దుగా చదివినప్పుడు, శుభ్రం చేసే పనే వస్తువును గాయపరిస్తే అది శౌచమవుతుందా అనే ప్రశ్న పుడుతుంది.

కారు కడగడం ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. రంగుపైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. అది సాధారణంగా తలవెంట్రుకకంటే పలుచన, వీధిదుమ్ములోని ఇసుకరేణువు దానికంటే ఎంతో గట్టిది. దుమ్ము ఊరకే పేరుకుని ఉన్నంతసేపు గీత పడదు, పొడిగుడ్డ దానిని అదిమి లాగినప్పుడే పడుతుంది. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరుసగా కార్లన్నీ తుడిచే పద్ధతిలో మొదటి కారు ఇసుక చివరి కారుకు గీతలవుతుంది (ఇందులో తుడిచేవారి తప్పుకంటే జీతం దగ్గర బేరమాడే యజమానుల తప్పే పెద్దది).

సంస్కృతంలో రజస్సు అంటే దుమ్ము. సాంఖ్యులు చెప్పిన త్రిగుణాలలో చలనానికీ ఆరాటానికీ మూలమైన గుణం పేరు కూడా అదే. బయటి రజస్సును లోపలి రజస్సుతో తుడవబోవడమే గీతకు కారణమని చెప్పవచ్చు. భగవద్గీత మూడవ అధ్యాయం 38వ శ్లోకం కామం జ్ఞానాన్ని కప్పడాన్ని అద్దానికి పట్టిన మురికితో పోల్చింది గాని, ఆ అద్దాన్ని తుడిచే తీరును అక్కడ చెప్పలేదు.

ఆ తీరును చేతిపని చెబుతుంది. ముందు గుడ్డ తగలనీయకుండా నీటిధారతోనే మట్టిని జారనిచ్చి, ఒక బకెట్టులో షాంపూ నీరు, మరొకదానిలో గుడ్డ జాడించే మంచినీరు పెట్టుకుని, పైకప్పు నుంచి కిందికి వస్తూ, మట్టి ఎక్కువగా పట్టే చక్రాల పక్కభాగాలను చివరికి ఉంచి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను అదమకుండా జరపాలి. ఆరబెట్టేటప్పుడు కూడా రుద్దక, గుడ్డను అద్ది తడిని పీల్చనివ్వాలి. ఇక్కడ నేర్పంతా ఎంత రుద్దాలో తెలియడంలో కాక, ఎక్కడ రుద్దకూడదో తెలియడంలో ఉంది. ఇలాంటి నిగ్రహం ఆలయశుద్ధిలోనూ ఉంది. తిరుమలలో ఏడాదికి నాలుగుసార్లు జరిగే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనంలో ఆలయాన్ని కడిగేముందు మూలవిరాట్టును వస్త్రంతో కప్పుతారు. నిత్యాభిషేకం భోగ శ్రీనివాసమూర్తి అనే చిన్న విగ్రహానికి జరుగుతుంది, మూలమూర్తికి శుక్రవారాలలో మాత్రమే. వీటి కారణాలు ఆగమశాస్త్రానివే అయినా, శుద్ధికీ హద్దు ఉండాలన్న ఎరుక వాటిలో కనిపిస్తుంది.

హద్దు తప్పిన శుద్ధికి ప్రాయశ్చిత్తం కూడా ఖరీదైనదే: చర్మంలాగా ఆ పూత మళ్లీ పెరగదు కనుక, పాలిష్‌తో గీతను తొలగించేవారు దాని లోతు మేరకు చుట్టూ ఉన్న మంచి పూతను కూడా అరగదీయవలసి వస్తుంది.