సంతకం సరే, తప్పు వద్దు

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ను వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు ఓర్వలేకపోయారు. సర్కారు ప్రదర్శనను నిషేధించింది. వెంకటగిరి అప్పట్లో మా నెల్లూరు జిల్లాయే, 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. సినిమానైతే ఆపగలిగారు గానీ, 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో ఎస్టేట్లే పోయాయి. నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. ఆ సినిమా తీసిన సారథి సంస్థకు డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు. జమీందారు సొమ్ము ముట్టనని రామబ్రహ్మం భీష్మించుకుని ఉంటే, జమీందారీని నిలదీసే సినిమా వచ్చేదే కాదు.

అందుకే చెడ్డ కంపెనీతో పొత్తు వద్దని ఎవరన్నా అంటే వెంటనే తలూపలేను.

మాది మైపాడు దిక్కున పట్టపుపాళెం, చేపలు పట్టుకునే ఊరు. ఒక టీవీ కంపెనీ ఓ రాజకీయ సినిమా హక్కులు కొని, ఎవరి ఒత్తిడికో లొంగి, చూపకుండా మూలన పడేసిందని మా కుర్రాళ్లకు కోపమొచ్చింది. ఆ కంపెనీ ఛానళ్లు తీయించేస్తామని నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. అందులో రెండు మాటలున్నాయి: ఛానళ్లు తీసేస్తామని ఒకటి, తీయని ఇల్లు గంగమ్మ గుడికి తప్పు, అంటే జరిమానా, కట్టాలని ఇంకొకటి. మొదటిదానికి సంతకం పెట్టి, రెండోది కొట్టేయమన్నాను.

“ఏంది పెదనాయనా, కట్టుబాటు లేకుండా మనూళ్లో ఏ పనన్నా జరిగిందా?” అన్నాడు మా తమ్ముడి కొడుకు.

జరగలేదు, నిజమే. కట్టుబాటే మమ్మల్ని బతికించింది. వెలేసింది కూడా అదే. వెలిపడిన ఇంటి పడవ మీద చెయ్యి వేసేవాడుండడు, ఒక్కడే దాన్ని నీళ్లలోకి తోసుకోలేడు. సముద్రం ఎదురుగా ఉండగానే ఆ ఇంట పొయ్యి వెలగదు. తప్పు కట్టేదాకా పిల్లల్ని కూడా పలకరించరు. అది చూస్తూ పెరిగినవాణ్ణి, ఎంత మంచి పనికైనా ఆ ఆయుధం తీస్తామంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మానుకోవడం నా ధర్మం. మాన్పించడం ఎవరి ధర్మం? నేను ఏకాదశి ఉపవాసముంటే అది వ్రతం, పక్కవాడి కంచం లాక్కుంటే దానికి ఏ శాస్త్రంలోనూ పుణ్యం రాయలేదు. 1921లో పల్లిపాడు ఆశ్రమం తెరవడానికి గాంధీ మా పెన్న ఒడ్డుకు వచ్చాడు. సహాయ నిరాకరణ మంచి ఊపు మీదున్న ఏడాది. తమతో కలవనివాళ్లకు బావినీళ్లు, వైద్యం అందకుండా చేయడం హింసేనని ఆ రోజుల్లోనే హెచ్చరించాడాయన.

కుర్రాళ్లు తక్కువవాళ్లేం కాదు, దూబగుంట సారా పోరాటం ఎత్తారు. 1992లో ఆ ఆడవాళ్లు తాగేవాళ్ల ఇష్టానికి వదిలేశారా, సారా అంగడే మూయించారు కదా అన్నారు. వెంటనే జవాబు తోచలేదు. రాత్రంతా ఆలోచిస్తే తేడా తెలిసింది. అక్కడ మగాడు తాగితే దెబ్బలు తినేదీ, కూలి డబ్బులు పోగొట్టుకునేదీ ఇంటి ఆడది. అడ్డుకునే హక్కు ఆ దెబ్బల్లోంచే వచ్చింది. మా వీధి చివర ముసలమ్మ సాయంత్రం సీరియల్ చూస్తే నా వీపు మీద పడే దెబ్బేముంది?

ఇంకో సంగతి కూడా చెప్పాను వాళ్లకు. 2004లో అమెరికాలో డిస్నీ తన చేతికింద ఉన్న మిరామాక్స్‌ను మైకేల్ మూర్ సినిమా ‘ఫారెన్‌హీట్ 9/11’ విడుదల చేయనివ్వలేదు. బుష్ మీద తీసిన సినిమా అది. మిరామాక్స్ నడిపే అన్నదమ్ములే దాన్ని కొనుక్కుని వేరే సంస్థల ద్వారా విడుదల చేయించారు. ఒక్క అమెరికాలోనే సుమారు 12 కోట్ల డాలర్లు వసూలైంది. డిస్నీ మీద అలిగినవాళ్ల అలక న్యాయమే కావచ్చు, సినిమా జనం ముందుకొచ్చింది మాత్రం ఇంకో దారి వెతికినవాళ్ల వల్ల. ఛానళ్లు తీసేసి మనం మిగిల్చే నెల డబ్బులు పోగేసి, టీవీవాళ్లు మూలన పడేసిన సినిమా తీసినాయన్ని ఇక్కడికే పిలిచి బొమ్మ వేయించుకోగలమేమో కనుక్కోండబ్బయా అన్నాను. ఆ మాట వాళ్లకు కాస్త ఎక్కింది.

ఆ సినిమా పొగిడే నాయకుడికి నేనెన్నడూ ఓటు వేయలేదు. అయినా సంతకం పెట్టాను. రేపు అవతలి పార్టీవాళ్ల సినిమాను ఇట్లాగే నొక్కేస్తే ఈ పుస్తకం మళ్లీ తీస్తారా అని అడిగాను. ఇద్దరు తీస్తామన్నారు. మా తమ్ముడి కొడుకు మాత్రం ముందు ఆ సినిమాలో ఏముందో చూడాలన్నాడు.