దించాల్సిన చోట దించాలి

ఈ వారం వీడియోలో ప్రలంబాసురుడి కథ చెప్పుకున్నాం కదా, టైం చాలక అందులో ఒక చిన్న విషయం వదిలేశాను. నాకైతే కథ మొత్తంలో అదే ముఖ్యం.

భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు రెండు జట్లుగా ఆడతారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లను వీపు మీద ఎక్కించుకుని మోయాలి. అలా మోస్తూ భాండీరకం అనే మర్రిచెట్టు దాకా వెళ్తారు. ఆ రోజు కృష్ణుడు ఓడిపోయాడు. సాక్షాత్తు పరమాత్మ శ్రీదాముణ్ని వీపున మోశాడు! గోపబాలుడి వేషంలో దూరిన ప్రలంబుడు బలరాముణ్ని ఎత్తుకున్నాడు. కానీ దించాల్సిన చోట దించకుండా, దాటించి తీసుకుపోయాడు. వాడి అసలు రూపం బయటపడింది ఆ తర్వాతే.

ఇది ఇప్పుడెందుకంటే, తాండూరులో ఉండే మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. పోయిన నెల అందరం వికారాబాద్ దగ్గర అనంతగిరికి, అనంత పద్మనాభస్వామి దర్శనానికి పోయాం. దర్శనం అయ్యాక పిల్లలు చెట్ల కింద తోసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ ఆడుతున్నారు. వీడు గట్టిగా నెట్టేసరికి ఒక పాప మోచేయి గీరుకుంది. "వీడు రాక్షసుడే" అన్నారెవరో. బావ వచ్చి చెంప మీద ఒకటిచ్చాడు. వాడు ఏడవలేదు. కాసేపయ్యాక తనకంటే చిన్నోణ్ని సరిగ్గా అదే చెంప మీద కొట్టాడు.

"పెద్దయినా ఇట్లనే ఉంటడా తమ్ముడూ?" అని అక్క అడిగింది.

నాకు భీముడు గుర్తొచ్చాడు. ఆదిపర్వంలో చిన్న భీముడు కౌరవుల్ని పదిమందిని ఒకేసారి పట్టుకుని నీళ్లలో ముంచేవాడు. పండ్ల కోసం చెట్టెక్కితే చెట్టును తన్ని కిందపడేసేవాడు. వ్యాసుడు దాన్ని పిల్లతనం అన్నాడు, ద్రోహబుద్ధి కాదన్నాడు. అది నిజమే, కానీ మునిగినవాడికి ఊపిరి ఆడలేదు కదా! దుర్యోధనుడు ఆ పగ మనసులో పెట్టుకుని, ప్రమాణకోటిలో అన్నంలో విషం పెట్టించాడు. అది మాత్రం ఆట కాదు. రెండూ ఒకటి కావు, అయినా మొదటిదాన్ని ఏ పెద్దాయనా ఆపినట్టు కనబడదు.

పిల్లలు నవ్వుతూ, వంతులు మార్చుకుంటూ, కింద పడ్డా మళ్లీ వచ్చి ఆడుతుంటే అది ఆటే, వదిలేయండి. ఒకరే ఎప్పుడూ కింద పడుతుంటే, ముఖం బిగుసుకుంటే, ఆపమన్నా ఆపకపోతే చెట్టు దాటినట్టే. ముందు దెబ్బ తగిలినవాళ్ల దగ్గరికి పోండి. తర్వాత కొట్టినవాడి చేతులు పట్టుకుని పక్కకు తెచ్చి, "కొట్టకూడదు" అని చిన్న మాటలో చెప్పండి. నాలుగేళ్లోడికి ఉపన్యాసం ఎక్కదు (మనకే ఎక్కదు). ఆటలోనే కాక రోజూ కోపంతో కొరకడం, కొట్టడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

తాండూరు ఇళ్లల్లో కింద అంతా నాపబండలే, పడితే తల పగుల్తది. అందుకే అక్క ఆటలు వాకిట్లో మట్టిలోకి మార్చింది. "భాండీరకం" అని ఎవరు అరిచినా అందరూ ఆగాలి. వాడికి నోరు తిరగదు, "బండి" అంటాడు. ఆగుతున్నారు, పదిసార్లలో ఆరేడుసార్లు.