ముక్కలు పంచకముందే

పేకాటలో ఓడినవాడు ముక్కల్ని తిడతాడు, గెలిచినవాడు తన తెలివిని మెచ్చుకుంటాడు. ఇద్దరూ మాట్లాడేది పంచిన తర్వాతి సంగతే. నన్నడిగితే ఆటలో అన్యాయమంటూ జరిగితే, చాలావరకు ముక్కలు పంచకముందే జరిగిపోతుంది. పేక ఎవరు కొన్నారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు కలిపారు, ముక్కల వెనక అచ్చు ఎలా పడింది అన్నవాటిలోనే సగం ఆట తేలిపోతుంది.

మా గరిడేపల్లి అరుగుల మీద డబ్బు పెట్టకుండా ఆడుకునే ఒక ముక్కలాట తయారుచేయాలని కూర్చున్నాక ఈ ఆలోచన నన్ను వదల్లేదు. పేకాట అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసుల దాడి, మర్నాటి పేపర్లో ఫొటో. దాడులకూ పేకకూ ఉన్న ఈ చుట్టరికంలోంచే ఒక మంచి తీర్పు పుట్టింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పెద్దపీట అని, మూడు ముక్కలాట ఒట్టి అదృష్టమని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. తర్వాత రోజులు మారాయి. 2017లో తెలంగాణ, 2025లో కేంద్రం చట్టాలు తెచ్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీకి తలుపులు మూశాయి.

అదృష్టమా, నైపుణ్యమా అన్నది కోర్టు అడగాల్సిన ప్రశ్న. ఆట తయారుచేసేవాడు అడగాల్సింది వేరే ఉంది. అందరూ ఒకే మెట్టు మీద నిలబడి మొదలుపెడుతున్నారా? నా దృష్టిలో అదృష్టం అన్యాయం కాదు. దానికి ముఖం చూసే అలవాటు లేదు. చదరంగంలో అదృష్టానికి చోటు లేదు కనుక ఊళ్లో బాగా ఆడేవాళ్లు ఇద్దరుంటే మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. ముక్కలాటలో మనవడు తాతను ఓడించగలడు. ఆ అవకాశమే నలుగురినీ చాప మీదికి రప్పిస్తుంది. న్యాయం చెడేది అదృష్టానికి పర్సు తోడైనప్పుడు.

ఈ విషయంలో పాతవాళ్లు మనకంటే నయం. గంజిఫా అనే గుండ్రటి ముక్కలు మన నిర్మల్‌లోనూ తయారయ్యేవి. దశావతార గంజిఫాలో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలుంటాయి. దొరలకు దంతం మీద, తాబేటి చిప్ప మీద గీసేవారు. బజారు జనానికి గుడ్డ అట్టల మీద గీసేవారు. దర్బారు కలం, బజారు కలం అని వాటికి పేర్లు. అందం తేడా ఉన్నా బలం తేడా లేదు. దంతపు ముక్క అయినంత మాత్రాన అది గుడ్డముక్కను కొట్టలేదు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' దారి మార్చింది. ఆట గొప్పదే. కానీ ముక్కలు మూసిన ప్యాకెట్లలో వస్తాయి, కొన్ని అరుదుగా దొరుకుతాయి. ఎక్కువ ప్యాకెట్లు కొన్నవాడి చేతికి ఎక్కువ ఎంపిక. అక్కడ ధర కూడా ఒక ఎత్తుగడే.

అందుకే నా ఆట మామూలు 52 ముక్కల పేకతోనే ఆడేలా ఉండాలని మొదటే నిర్ణయించుకున్నాను. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఎరగని ఇల్లు అరుదు.

ఇక కూర్చునే చోటు. మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1955లో పునాదిరాయి పడి, 1967లో నీళ్లు వదిలిన ప్రాజెక్టు అది. కాలువ కింద బతికేవాళ్లకు చోటు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. తూము పక్కన పొలమున్నవాడికి నిండుగా పారుతుంది, చివరి భూములవాడు తూములు చూసే లష్కర్ కోసం ఎదురుచూస్తాడు. నా ఆటలోనూ నలుగురు కాలువ వెంట వరసగా కూర్చుంటారు. మధ్యలో పరిచిన ముక్కలే నీళ్లు. పైవాడు ముందు తీసుకుంటాడు, చివరివాడికి మిగిలింది దక్కుతుంది.

వారబందీ పెట్టి వంతులు మారిస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. నాట్లప్పటి తడి వేరు, పొట్ట దశలో తడి వేరు. వంతులు లెక్కకు సమానమైనా విలువకు సమానం కావు. దీనికి పిల్లలకు కూడా తెలిసిన పాత ఉపాయం ఒకటుంది. ఒకరు భాగాలు పెట్టాలి, ఇంకొకరు ముందు తీసుకోవాలి. నా ఆటలో నాలుగు కుప్పలు పెట్టే అధికారం చివరివాడిది. తనకు మిగిలేది ఆఖరి కుప్పే అని తెలిసినవాడు ఏ కుప్పనూ చిన్నగా పెట్టడు. నీ చోటు ఏదో తెలియకుండా నియమాలు రాయమని 1971లో జాన్ రాల్స్ తన న్యాయ సిద్ధాంతంలో చెప్పాడు. నేనైతే ఇంకొంచెం ముందుకెళ్లి, అందరికంటే చివరి చోటు నీదే అని తెలిసి రాయమంటాను.

అయితే కుప్పలన్నీ సమానమైతే ఆట చప్పబడుతుంది. అందుకని ప్రతివాడి చేతిలో ఒక్క ముక్క రహస్యంగా ఉంటుంది. అది అతని పంట. వరికి నీళ్లెక్కువ కావాలి, పెసరకు తక్కువ చాలు. ఎవడిది ఏ పంటో ఊహించి కుప్పలు పెట్టడంలోనే తెలివంతా ఉంది. సమానంగా పంచడం ఒకటి, అవసరమెరిగి పంచడం మరొకటి. రెండోదానికి పక్కవాడి ముఖం చదవడం రావాలి.

చౌక ఆటకు ఇంకో చిక్కుంది. పల్చటి అట్ట వెలుతురుకు ఎదురుగా పెడితే అవతలి అంకె కనిపిస్తుంది, కటింగ్‌లో వెంట్రుకవాసి జరిగినా వెనకవైపు గుర్తులా పనిచేస్తుంది. పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ 2012లో లండన్ కాసినోలో అలాంటి అంచు తేడాలనే ఆసరా చేసుకుని సుమారు 77 లక్షల పౌండ్లు గెలిచాడు. కాసినో ఇవ్వనంది. అది మోసమేనని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అంత ఖరీదైన చోట వాడే పేకకే ఆ గతి పడితే అరుగు మీది అరిగిన పేక సంగతి చెప్పాలా! ఖరీదైన అట్ట కొనడం నా దారి కాదు. ఆటలో దాచేదాన్ని తగ్గించాను. నీళ్ల ముక్కలన్నీ వెల్లకిలా పడి ఉంటాయి, దాచేది గుప్పిట్లోని ఒక్కటే. రహస్యాలు తగ్గేకొద్దీ చౌక కాగితమే చాలు, అనుమానాలకూ తావుండదు. ఒకరు కలిపితే పక్కవారు కోసే మన పాత పద్ధతి ఎలాగూ ఉంది. అందులో ఎవరి మంచితనాన్నీ నమ్ముకోనవసరం లేదు.

కాబట్టి అందరికీ అందే ధర, అందరికీ ఒకే న్యాయం వేర్వేరు గుణాలని నేననుకోను. కొనలేనివాడు ఓడిపోయే అవకాశం కూడా లేకుండా ఆట బయటే ఉండిపోతాడు. అంతకు మించిన అన్యాయం ఏ నియమంలోనూ ఉండదు.

మన పేటెంటు చట్టం మూడో సెక్షను ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటు రాదు. అది మంచి చట్టం. ఈ ఆట ఎవరిదీ కాదు. ఇంట్లో ఉన్న పాత పేక తీయండి, నలుగురు వరసగా కూర్చోండి, కుప్పలు పెట్టే పని చివరివారికి అప్పగించండి. నియమం నచ్చకపోతే మార్చుకోండి, ఆ ఒక్కటి తప్ప.